ఎత్తు భయం ఉన్నా ఎత్తులో పని చేయడం ఎలా: డెల్టా వాసులకు ఒక సమగ్ర మార్గదర్శి

ధవళేశ్వరం దాటితే సముద్రం వరకు నేలంతా బల్లపరుపే. గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి కొండ ఎక్కే అవసరం రాదు. ఊళ్ళో ఎత్తైనవంటే కొబ్బరిచెట్టు, గుడి గోపురం, మంచినీళ్ళ ట్యాంకు, సెల్ టవరు, ఏటి మీద వంతెన, అంతే. మన్యం పిల్లవాడు నడక నేర్చిన నాటి నుంచి కొద్దికొద్దిగా ఎత్తుకు అలవాటు పడతాడు; డెల్టా కుర్రాడికి మాత్రం అసలైన ఎత్తు తొలిసారి ఎదురయ్యేది చాలాసార్లు ఉపాధిలోనే. 2019లో గ్రామ సచివాలయాల ఎనర్జీ అసిస్టెంటు కొలువులకు కరెంటు స్తంభం ఎక్కే పరీక్ష పెట్టారు. చదువులో ఎంత ముందున్నవారైనా స్తంభం సగంలో కాళ్ళు వణికి ఆగిపోయారంటే ఆశ్చర్యపోవలసింది లేదు.

కొబ్బరి దింపు నేర్చుకుంటున్నవారు, ట్యాంకు కడిగేవారు, లైన్‌మెన్, పరంజా మీద పనిచేసే తాపీ, రంగుల కార్మికులు, డాబాల మీద సోలార్ పలకలు బిగించేవారు ఈ మార్గదర్శిని తమ పనికి తగినట్టు వాడుకోవచ్చు. భయాన్ని సున్నాకు తేవడం దీని ఉద్దేశం కాదు. ఎత్తంటే లెక్కే లేనివాడితో పరంజా మీద పనిచేయడానికి నాకైతే ధైర్యం చాలదు. ఉన్న ప్రమాదం ఎంతో భయమూ అంతే ఉండేటట్టు చేసుకోవడమే మనకు కావలసింది. అందుకు ముందు ప్రమాదాన్ని తగ్గించుకోవాలి, తర్వాత భయాన్ని. ఈ వరుస తప్పితే రెండూ చెడతాయి.

మొదటి మెట్టు: ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడం

మనిషి నిలబడినప్పుడు కదలకుండా ఉన్నాననుకుంటాడు గాని, నిజానికి శరీరం ముందుకీ వెనక్కీ, పక్కలకీ కొద్దిగా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును మెదడు మూడు దారుల్లో కనిపెడుతుంది: లోపలి చెవిలోని తుల్యతా అవయవం, అరికాళ్ళ నుంచి, కీళ్ళ నుంచి వచ్చే స్పర్శ, కళ్ళు. నేల మీద ఉన్నప్పుడు ఎదురుగా గోడో గట్టో దగ్గరలోనే ఉంటుంది కాబట్టి తల అంగుళం కదిలినా ఆ వస్తువు కంటిలో జరిగినట్టు తెలుస్తుంది. ట్యాంకు పైకెక్కి చూస్తే దగ్గరలో ఏ వస్తువూ ఉండదు. కింద కనిపించే వరిచేలు, కాలువగట్టు ఎంతో దూరంలో ఉండటం వల్ల అదే అంగుళం కదలిక కంటికి ఆనదు. చెవి ఊగుతున్నావంటుంది, కన్ను లేదంటుంది. ఈ పేచీ దాదాపు మూడు మీటర్ల ఎత్తు నుంచే మొదలవుతుంది. ఇది ఎవరికైనా ఎంతో కొంత కలిగేదే. పిరికితనంతో దీనికి సంబంధం లేదు.

ఆ కలవరాన్ని ప్రమాద సూచనగా తీసుకొని గుండె దడ, చెమట, మోకాళ్ళ వణుకు వచ్చి చేరినప్పుడు అది భయం అవుతుంది. కండరాలన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి, చూపు ఒకేచోట అతుక్కుపోతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. బిగుసుకున్న కాళ్ళు సమతుల్యాన్ని ఇంకా చెడగొడతాయి కాబట్టి భయమే మరింత భయానికి దారి తీస్తుంది. ఎత్తుకు జంకే స్వభావం ఎంత చిన్న వయసులో కనిపిస్తుందో 1960లో ఎలియనార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అనే మనస్తత్వవేత్తలు చూపించారు. వారు దళసరి గాజుపలక పరిచి, ఒక పక్కన దాని కింద లోతు కనిపించేటట్టు ఏర్పాటు చేస్తే, పాకే వయసు పిల్లల్లో ఎక్కువమంది తల్లి పిలిచినా ఆ పక్కకు రాలేదు. అందువల్ల దింపు కార్మికుడి ఇంట పుట్టి కూడా చెట్టెక్కడానికి జంకే కొడుకును నలుగురిలో ఎగతాళి చేయడం తగని పని.

ఎత్తు మీద నిలబడగానే దూకేస్తానేమో అన్న ఆలోచన మెరుపులా వచ్చి పోవడం కూడా చాలామందికి ఉంటుంది. చావాలన్న కోరిక ఏమీ లేనివారికి కూడా అది వస్తుంది, దానంతట అదే పోతుంది. నిజంగానే బతకాలని లేదనిపిస్తూ ఉంటే అది వేరే విషయం. అప్పుడు ఎత్తు పనులన్నీ ఆపి వెంటనే ఇంట్లోవారికి చెప్పాలి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

రెండవ మెట్టు: భయమా, జబ్బా తేల్చుకోవడం

ఎత్తులోనే కళ్ళు తిరిగి, దిగగానే సర్దుకుంటే అది భయమే కావచ్చు. మంచం మీద పక్కకు ఒత్తిగిలినప్పుడు, తల పైకెత్తినప్పుడు ఇల్లంతా గిర్రున తిరిగినట్టయితే లోపలి చెవిలో దోషం ఉండవచ్చు. కూర్చున్నవారు లేవగానే కళ్ళు బైర్లు కమ్మితే రక్తపోటు పడిపోతూ ఉండవచ్చు. బీపీ మాత్రలు వాడేవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. మధుమేహానికి ఇన్సులిన్ గాని కొన్ని రకాల మాత్రలు గాని వాడుతూ పొద్దున్నే ఏమీ తినకుండా తోటకు పోయేవారికి చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్నవారు ఎత్తు పని ఎంచుకోనే కూడదు. వీటిలో ఏది ఉన్నా సాధనతో పోదు. చెవి, ముక్కు, గొంతు డాక్టరుకో జనరల్ డాక్టరుకో చూపించుకున్న తర్వాతే ముందుకు సాగాలి.

మందు సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. ఎక్కే ముందు ఒక చుక్క పడితే భయం పోతుందన్న నమ్మకం మన తోటల్లో ఇంకా ఉంది. సారా గాని కల్లు గాని ముందుగా దెబ్బతీసేది సమతుల్యాన్నీ, పట్టునూ, అంచనానూ. పైగా తాగి ఎక్కినవాడి ఒంటికి ఎత్తు అలవాటు కాదు, తాగి ఎక్కడమే అలవాటవుతుంది. భయం తగ్గించే మాత్రలైనా డాక్టరు చెప్పకుండా వేసుకొని పైకెక్కడం ఇంతే ప్రమాదం.

మూడవ మెట్టు: సొంత నిచ్చెన వేసుకొని సాధన చేయడం

భయపడే పరిస్థితులను తేలికపాటి వాటి నుంచి కష్టమైన వాటి వరకు వరుసగా పేర్చుకొని ఒక్కొక్కదానినే ఎదుర్కొనే పద్ధతికి జోసెఫ్ వోల్పే అనే వైద్యుడు 1950లలో చికిత్సా రూపం ఇచ్చాడు. అంతకు చాలా ముందే, స్ట్రాస్‌బర్గ్‌లో విద్యార్థిగా ఉన్న జర్మన్ కవి గేటే అక్కడి చర్చి శిఖరం మళ్ళీ మళ్ళీ ఎక్కి తన ఎత్తు భయాన్ని తానే వదిలించుకున్నాడు. ఆయన నేరుగా శిఖరానికే వెళ్ళాడు. మనం డాబాతో మొదలుపెడదాం.

కాగితం మీద మీకు భయం పుట్టించే ఎత్తులన్నీ రాసి, ఒక్కొక్కదానికి సున్నా నుంచి 10 వరకు మార్కు వేయండి. మచ్చుకు ట్యాంకు ఎక్కవలసిన వ్యక్తి పట్టీ ఇలా ఉండవచ్చు: డాబా మీద పిట్టగోడకు రెండు గజాల ఇవతల కుర్చీ వేసుకొని కూర్చోవడం 2; పిట్టగోడ పట్టుకొని నిలబడి వీధి చూడటం 3; ద్రాక్షారామంలో మెట్లెక్కి పై అంతస్తు నుంచి భీమేశ్వరుణ్ణి దర్శించుకోవడం కూడా 3; గట్టి రెయిలింగు, కాలిబాట ఉన్న వంతెన మీద ఏటి నడిమికి నడవడం 5; ట్యాంకు నిచ్చెన అయిదు మెట్లు 6; సగం వరకు 8; పైకి చేరి చుట్టూ తిరగడం 10. డాబా, గుడి, వంతెన ఊరికే దొరికే సాధనాలు. ట్యాంకు మెట్లు మాత్రం పంచాయతీ అనుమతితో, ఒంటికి పట్టీలతో బిగించుకునే రక్షణ సాధనమైన హార్నెస్‌తో, కింద ఒక మనిషి ఉండగానే ఎక్కాలి.

సాధనలో ప్రాణం లాంటి నియమం ఒకటుంది. భయం ఎక్కువగా ఉన్నప్పుడు దిగిపోకూడదు. పిట్టగోడ దగ్గర నిలబడ్డాక మార్కు 6కు ఎగబాకిందనుకోండి, అక్కడే ఉండండి. శరీరం ఎంతోసేపు అదే స్థాయిలో దడదడలాడలేదు. చాలామందికి అరగంట, ముప్పావుగంటలో మార్కు సగానికి వస్తుంది. అప్పుడు దిగండి. దడ పతాక స్థాయిలో ఉండగానే పరుగెత్తి దిగితే, దిగడం వల్లే బతికి బయటపడ్డానని ఒళ్ళు నేర్చుకుంటుంది, మరునాడు భయం ఇంకాస్త పెరుగుతుంది. ఒకే మెట్టును వారంలో వీలైనన్ని రోజులు చేసి, మొదట్లోనే మార్కు 2 లేదా 3 దాటనప్పుడు పై మెట్టుకు పోవాలి. ఒక రోజు బాగా జరిగిందని రెండు మెట్లు దూకాలనిపిస్తుంది. ఆ తొందర వద్దు.

పైన ఉన్నంతసేపు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. చేతికి అందే దూరంలో కదలని వస్తువు ఒకటి, అంటే పిట్టగోడ అంచు గాని నిచ్చెన కమ్మీ గాని, చూపు పరిధిలో ఉంచుకోవాలి. కన్నూ చెవీ పడే పేచీకి సగం మందు అదే. అరచేయి దానికి ఆనితే ఇంకా మంచిది. కదిలే మబ్బులను, పారే నీటిని తదేకంగా చూడకూడదు; వంతెన మీద నిలబడి ప్రవాహంలోకి చూస్తే వంతెనే కదులుతున్నట్టు ఉంటుంది. ఊపిరి వదలడం తీసుకోవడం కన్నా నిదానంగా సాగాలి. మోకాళ్ళు కొద్దిగా వంచి, దవడ, భుజాలు వదులు చేయాలి.

"కిందికి చూడకు" అన్నది అందరూ ఇచ్చే సలహా. దానితో ఎక్కడం అవుతుంది గాని దిగడం కాదు. కిందికి చూడటాన్ని కూడా నేర్చుకోవాలి: ముందు చేతి దగ్గరి కమ్మీ, తర్వాత పాదం ఉన్న మెట్టు, దాని కింది మెట్టు, ట్యాంకు స్తంభం మొదలు, చివరకు నేల; చూపు ఇలా అంచెలంచెలుగా దిగి, అంచెలంచెలుగానే మళ్ళీ పైకి రావాలి. మొదటి రోజుల్లో స్నేహితుడి చేయి పట్టుకోవడం, కళ్ళు మూసుకోవడం, ఫోన్‌లో మాట్లాడుతూ మనసు మళ్ళించుకోవడం లాంటి ఊతలు ఉంటే ఉండనివ్వండి గాని, ప్రతి మెట్టునూ చివరిసారి ఆ ఊతలు లేకుండా చేయాలి. హార్నెస్ ఈ ఊతల లెక్కలోకి రాదు. అది ఎప్పటికీ వదలకూడనిది.

నెలల తరబడి ప్రయత్నించినా పట్టీలో నాలుగో అయిదో మార్కు దాటలేకపోతే మానసిక వైద్యుణ్ణి కలవాలి. ఇదే పద్ధతిని వారు దగ్గరుండి చేయిస్తారు.

నాల్గవ మెట్టు: పనిచోటును భద్రం చేయడం

మొదట వేసుకోవలసిన ప్రశ్న: ఈ పని పైకెక్కకుండా కాదా? ట్యాంకులో నీటి మట్టం చూడటానికి రోజూ ఎక్కేకన్నా కింద నుంచే కనిపించే ఒక సూచీ ఏర్పాటు చేసుకుంటే ఆ ఎక్కడమంతా తప్పుతుంది. తప్పనిసరి అయినప్పుడు రెయిలింగు, పరంజా పలకల వంటి స్థిరమైన ఏర్పాట్లు ముందు, హార్నెస్ ఆ తర్వాత.

ఆనించే నిచ్చెనకు నాలుగుకు ఒకటి లెక్క: 12 అడుగుల ఎత్తున ఆనిస్తే కాళ్ళు గోడకు మూడు అడుగుల ఇవతల ఉండాలి. దిగే చోటుకు పైన మూడు అడుగులైనా నిచ్చెన పొడుచుకొని ఉండాలి, తల భాగం కట్టి ఉండాలి. ఎప్పుడూ రెండు చేతులు ఒక కాలు, లేదా రెండు కాళ్ళు ఒక చేయి నిచ్చెన మీద ఉండాలి కాబట్టి పనిముట్లను చేత్తో మోయకూడదు. సంచీలో వేసి తాడుతో చేదుకోవాలి. డెల్టా నేల మెత్తన. వాన పడ్డాక నిచ్చెన ఒక కాలు దిగబడుతుంది, కింద చెక్క వేయాలి.

అంతర్వేది, ఓడలరేవు వంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. ట్యాంకు నిచ్చెనకు కొత్తగా రంగు వేసి ఉందని మోసపోవద్దు. మెట్టు స్తంభంలో దిగే చోట, రంగు బుడగలా లేచిన చోట చిన్న సుత్తితో తట్టి చూడండి: మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది, పెచ్చు రాలుతుంది. అలాంటి మెట్టు ఒక్కటున్నా ఎక్కకుండా పంచాయతీకి రాసి ఇవ్వడమే సరైన పని. కార్తీక మాసంలో తెల్లవారుజామున కమ్మీల మీద మంచు నీరు నిలిచి ఉంటుంది, ఎండెక్కేదాకా ఆగాలి.

హార్నెస్ విషయంలో కొందరు మేస్త్రీలు ఇప్పటికీ నడుముకు కట్టే బెల్టుతో సరిపెడుతున్నారు. పడినప్పుడు ఆ బెల్టు మొత్తం బరువును పొట్ట మీద, వెన్ను మీద మోపుతుంది. తొడలకూ భుజాలకూ పట్టీలుండే, ఐఎస్ 3521 ముద్ర ఉన్న పూర్తి హార్నెస్ కావాలి. హార్నెస్ తాడు చివరి కొక్కేన్ని ఎక్కడ తగిలిస్తున్నామన్నదే అసలు సంగతి. వీలైతే తలకన్నా పైన, కట్టడంలో భాగమైన గట్టి దూలానికి తగిలించాలి. నీళ్ళ పైపులకు, రెయిలింగుకు, పరంజా సరుగుడు బాదుకు తగిలిస్తే అవి మనిషితో పాటే వస్తాయి. పాదాల మట్టంలో తగిలిస్తే 1.8 మీటర్ల తాడు పూర్తిగా సాగాలి, కుదుపు తగ్గించే మడత మరో 1.75 మీటర్ల వరకు విప్పుకోవచ్చు, ఆపైన మనిషి ఒంటి పొడవు, కొంత మిగులు. అన్నీ కలిపితే దాదాపు ఆరు మీటర్లు. అంటే మొదటి అంతస్తు శ్లాబు మీద అలా కట్టుకున్నవాడు తాడు ఆపేలోపే నేల తాకుతాడు. అక్కడ పొట్టి తాడే కట్టుకొని, అంచు వరకు పోకుండానే ఆపే ఏర్పాటు చేసుకోవాలి. పడి హార్నెస్‌లో వేలాడుతున్న మనిషిని వెంటనే దించకపోతే కాళ్ళలో రక్తం నిలిచి నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. ఎలా దించాలో ఎక్కే ముందే తేల్చుకోవాలి.

కరెంటు తీగల దగ్గర పనికి లైన్ క్లియర్ (ఆ లైనులో కరెంటు ఆపినట్టు ఇచ్చే అనుమతి) తీసుకొని, పరీక్షించి, ఎర్త్ చేసిన తర్వాతే చేయి పెట్టాలి. ఎంత పాతకాపు లైన్‌మన్ "ఏం పర్లేదండీ, మనకి అలవాటే" అన్నా సరే.

అయిదవ మెట్టు: కొబ్బరిచెట్టు

పాత తోటల్లో దేశవాళీ చెట్లు 60 అడుగులు దాటి ఉంటాయి. విచిత్రమేమిటంటే, డాబా అంచున కళ్ళు తిరిగేవారిలో కొందరు చెట్టు మీద నిబ్బరంగానే ఉంటారు. కారణం మొదటి మెట్టులో చెప్పుకున్నదే: మాను ఎప్పుడూ ముఖానికి అడుగు దూరంలో ఉంటుంది, కంటికి ఆధారం దొరుకుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి కాళ్ళ బంధం, మోకుల కన్నా చెట్టెక్కే యంత్రాన్నే నేను సూచిస్తాను. దానిలో రెండు పాదాలూ పలకల మీద నిలబడి ఉంటాయి, ఎక్కడ ఆగినా జారరు. కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో కేరళలో ఈ యంత్రంతో చెట్టెక్కే శిక్షణ మొదలుపెట్టింది. చెట్టెక్కేవారికి కేర సురక్ష అనే బీమా కూడా ఆ మండలిదే. ఎక్కే ముందు ఇనుప తాడులో పోగులు తెగాయేమో వేళ్ళకు గుడ్డ చుట్టుకొని తడిమి చూడాలి. యంత్రం ఉంది కదా అని రక్షణ తాడు మానకూడదు.

చెట్టునూ పరీక్షించాలి. మాను మొదట్లో ఎర్రటి జిగురు కారుతుంటే గానోడెర్మా తెగులు కావచ్చు, లోపల గుల్లబారి ఉండవచ్చు. ఎర్రముక్కు పురుగు తొలిచిన చెట్టు తల ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. 1996 నవంబరు తుపానులో కోనసీమ తోటలు ఎలా కూలాయో పెద్దలందరికీ తెలుసు. గాలివాన తర్వాత నిలిచి ఉన్న చెట్టు కూడా వేరు కదిలి ఉండవచ్చు. వానాకాలం పాచి పట్టిన మాను, ఈదురుగాలి, ఆకుల చాటున 11 కేవీ తీగ: వీటిలో ఏది ఉన్నా ఆ రోజు ఆ చెట్టు వదిలేయాలి. కింద నుంచి కాయ కోసేవారు ఇనుప గెడ, అల్యూమినియం గెడ తీగల దరిదాపులకు తేకూడదు.

ఆరవ మెట్టు: పైన బిగుసుకుపోయిన మనిషిని దించడం

ఎంత సాధన చేసినా ఒకరోజు మధ్యలో చేతులు బిగుసుకుపోవచ్చు. అప్పుడు కింద నుంచి నలుగురూ నాలుగు రకాలుగా అరవడం మొదలుపెడతారు; మొదట ఆపవలసింది అదే. ఒక్కరే మాట్లాడాలి, అతనికి తెలిసిన గొంతు అయితే మేలు. "బాబాయ్, నేనే. కొక్కెం తగిలించే ఉంది, చూశాను. ఎదురుగా ఉన్న కమ్మీనే చూడు. ఊపిరి వదులు, ఇంకా వదులు. ఇప్పుడు కుడికాలు ఒక్క మెట్టు దించు. ఆగు. ఎడమకాలు." ఇలా ఒక్కో కదలికే చెప్పాలి. "భయపడకు", "ఇంతేనా" అన్న మాటలు పనికిరావు. అయిదు నిమిషాలకూ కదలలేకపోతే శిక్షణ ఉన్న రెండో మనిషి తన హార్నెస్‌తో ఎక్కి, అతని కింది మెట్టులో నిలబడి పాదాలను చేత్తో మెట్టు మీద పెట్టాలి. అదీ కాకపోతే 101కి, దెబ్బలు తగిలితే 108కి ఫోన్ చేయాలి.

విరామం తర్వాత

సాధనతో తగ్గిన భయం కొంతకాలం ఎక్కకపోతే కొంత తిరిగి వస్తుంది. దింపు రెండు నెలలకోసారి పడే తోటల్లో, వానాకాలం పనులు ఆగే కట్టడాల్లో ఇది మామూలే. మళ్ళీ మొదలుపెట్టే రోజున పట్టీలో రెండు మెట్లు కిందికి దిగి అక్కడి నుంచి ఎక్కాలి. దింపుకు వెళ్ళేవారు ముందుగా తోటలో అన్నిటికన్నా పొట్టి చెట్టును, తాడు, కొక్కెం పరీక్షించుకొని, ఎండ తీవ్రం కాకముందు ఎక్కాలి. ఎత్తు చెట్లను మరునాటికి ఉంచుకోమని తోట యజమానికి ముందురోజే చెప్పి పెట్టుకోవాలి.